మిర్చి యాప్, ముగ్గురు భాగస్వాములు: శ్రోతతో సంభాషణ

వ్యాఖ్యాత: చెప్పండమ్మా, గుంటూరు నుంచి కదా?

శ్రోత: అవునండీ. కోల్డ్ స్టోరేజీల్లో మిర్చికి చోటు బుక్ చేసుకునే యాప్ ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. లెక్కలు నేను చూస్తాను. ఒకాయనది మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ల కుటుంబం. ఇంకొకాయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చారు. ఇద్దరికీ క్షణం పడదు.

సలహాదారు: దేని మీద?

శ్రోత: రైతే యాప్‌లో వివరాలు నింపాలని ఈ సాఫ్ట్‌వేర్ ఆయన. రైతు ఫోన్ చేసి "తేజ రకం, 120 టిక్కీలు" (అంటే బస్తాలు) అంటాడు, మిగతాది మనమే చూసుకోవాలని ఆ యార్డు ఆయన.

సలహాదారు: ఈ గొడవ మీ అదృష్టం. ఇద్దరూ ఇంజినీర్లే అయితే అసలు ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

శ్రోత: ఇప్పుడది హద్దు దాటిందండీ. "గుమాస్తా బుద్ధి" అని ఈయన, "మిరప తోట మొహం చూడనివాడు" అని ఆయన.

సలహాదారు: చెడింది అక్కడే. పని మీద వాదన వేరు, మనిషి మీద కోపం వేరని 1995లో కారెన్ జెన్ అనే పరిశోధకురాలు విడదీసి చూపారు. మూస పనికి వాదన అడ్డే గానీ, కొత్త దారి వెతికే పనికి మేలు చేయగలదన్నారు. అది పట్టుకుని "కొట్లాడుకోండి, కంపెనీ పెరుగుతుంది" అని ఉపదేశించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, పని మీద వాదన కూడా మొత్తం మీద నష్టంగానే తేలింది. 2012లో జెన్ తన సహచరులతో కలిసి మళ్లీ పరిశీలించారు. వాదన కోపంగా మారని జట్ల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి.

శ్రోత: మారకుండా ఆపడం ఎలాగండీ?

సలహాదారు: ఆఫీసులో కూర్చుని తేల్చకండి. సరుకు దిగే రోజున ఇద్దరినీ ఒకే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబెట్టండి. వచ్చిన రైతుల్లో సగం మందికి యాప్, సగం మందికి ఫోను. ఏది నడిచిందో ఇద్దరూ కళ్లారా చూస్తారు. అది సరే, వాటాల మాటేమిటి?

శ్రోత: తలా మూడో వంతు. కాగితం ఇంకా రాసుకోలేదు.

సలహాదారు: అయ్యో, ముందు అది చూడండమ్మా! కోపంతో ఒకరు వెళ్లిపోతే మూడో వంతు నాదంటారు. నాలుగేళ్లలో కొద్దికొద్దిగా వాటా సొంతమయ్యేలా, ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాకుండా రాసుకోవడం స్టార్టప్‌లలో మామూలే. ఏ విషయంలో చివరి మాట ఎవరిదో కూడా అందులోనే పెట్టండి.

శ్రోత: నేను రాయిస్తే పక్షపాతం అంటారేమోనండీ.

సలహాదారు: కంపెనీల చట్టపు కాగితాలు చూసే బయటి నిపుణుడు, అంటే కంపెనీ సెక్రటరీ చేత రాయించండి. మొదటి సంతకం మీరే చేయండి, మీ వాటాకూ అదే షరతు పెట్టుకుని.