తొందర లేని డిటెక్టివ్! నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ సిరీస్ రివ్యూ

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ సిరీస్‌లో మొదటి మూడు పుస్తకాలు ఒక పుస్తకాల షాపు వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, ఏం చెప్పాలో వాళ్లూ చెప్పలేదు. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన ‘ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’. 1998లో మొదలైంది, ఇప్పటికి ఇరవై పుస్తకాలు దాటాయి. ధర, పేజీలు, టీవీ సిరీస్ సంగతుల జోలికి వెళ్లను.

నన్ను పట్టేసింది మొదటి పేజీయే. ప్రెషస్ రమోట్స్వే అనే ఆవిడ ఆఫ్రికా దేశం బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో డిటెక్టివ్ ఆఫీసు పెడుతుంది. ఉన్న సరంజామా ఏంటంటే ఒక చిన్న తెల్ల వ్యాను, రెండు టేబుళ్లు, రెండు కుర్చీలు, ఒక ఫోను, పాత టైప్‌రైటరు. తర్వాత ఒక టీపాట్, మూడు కప్పులు. ఒకటి ఆవిడకి, ఒకటి సెక్రటరీకి, మూడోది వచ్చే క్లయింటుకి. చూడండి, ఆఫీసు పెట్టిన రోజే ఎదుటి మనిషి కోసం ఒక కప్పు తీసిపెట్టింది! నాకు ఈ సిరీస్ నచ్చడానికి అసలు కారణం అదే. వచ్చినవాళ్లని కూర్చోబెడుతుంది, రెడ్‌బుష్ టీ (అక్కడి ఒక మొక్క ఆకులతో కాచే ఎర్రటి టీ) ఇస్తుంది, బాగోగులు అడుగుతుంది, అప్పుడు వింటుంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివే రోజుల్లో హంతకుడెవరో తేలేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఇక్కడ ఆ కంగారే లేదు, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు.

ఒక్క కేసు చెప్తాను, మొదట్లోనే వస్తుంది కాబట్టి కథ చెప్పేసినట్టు కాదు. ఒకమ్మాయి ఇంటికి ఒకాయన వచ్చి నేనే మీ నాన్నని అంటాడు. చిన్నప్పుడు వదిలేసి వెళ్లిన తండ్రి కదా, ఆ పిల్ల నమ్మి ఇంట్లో పెట్టుకుంటుంది. ఆయన కూర్చుని తింటూ అజమాయిషీ చేస్తుంటాడు. రమోట్స్వే ఏం చేసిందో తెలుసా? నర్సు యూనిఫాం వేసుకుని వెళ్లి, మీ అమ్మాయికి యాక్సిడెంటయింది, మీ రక్తం కావాలి, చాలా కావాలి, ఇస్తే మీ ప్రాణం పోవచ్చు అంది. అంతే, నేను తండ్రిని కాదని ఆయనే ఒప్పేసుకున్నాడు. వేలిముద్రలు, ల్యాబు రిపోర్టులు ఏమీ అక్కర్లేదు, మనిషిని చదవడం వస్తే చాలు.

ఇవన్నీ ఉత్త కాలక్షేపం కథలని కొట్టిపారేసేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. రమోట్స్వే తండ్రి ఓబెద్ దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. నా పశువులు అమ్మి ఏదైనా వ్యాపారం పెట్టుకో అని చివరి క్షణాల్లో కూతురికి చెప్తాడు. డిటెక్టివ్ ఏజెన్సీ పెడతా నాన్నా అంటే కళ్లు పెద్దవి చేసి, “కానీ... కానీ...” అంటూనే ప్రాణం వదిలేస్తాడు. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే ఆగిపోయాను. సెక్రటరీ మకుట్సి సంగతీ అంతే. పగలు ఆఫీసులో పని, ఇంటికెళ్తే జబ్బుపడిన తోడబుట్టినవాడికి సేవ. ఆ జబ్బు పేరు రచయిత రాయడు. అప్పట్లో బోట్స్వానాని హెచ్‌ఐవీ ఎలా కుదిపేసిందో తెలిసినవాళ్లకి పేరు చెప్పక్కర్లేదు కదా. మెకాల్ స్మిత్ బోట్స్వానా యూనివర్సిటీలో లా చెప్పినవారు, ఆ ఊళ్లని కళ్లారా చూసి రాశారు.

ఇప్పుడు చిరాకు పెట్టిన విషయం. సెక్రటేరియల్ కాలేజీలో మకుట్సికి వచ్చిన 97 శాతం మార్కులు! మొదటిసారి చదివినప్పుడు ముచ్చటేసింది. పేదింటి పిల్ల, ఆ మార్కులే ఆమె ఆస్తి. కానీ పుస్తకం తర్వాత పుస్తకం అదే ఎత్తుతుంటే ఎలాగండీ? కొత్తగా చదివేవాళ్ల కోసం అనుకున్నా, ఎప్పట్నుంచో వెంట వస్తున్న పాఠకుల ఓపిక కూడా చూడాలిగా. పోనుపోను కేసులు కూడా పలచబడ్డాయి.

నా మాట ఏంటంటే, మొదటి మూడూ కళ్లు మూసుకుని కొనండి. ఆ తర్వాతవి లైబ్రరీలో దొరికితే చదవండి. ఒక్కటి మాత్రం, మధ్యలోంచి మొదలెట్టొద్దు, వరసలోనే చదవండి. గ్యారేజీ మెకానిక్ మటెకోని గారు రమోట్స్వేని పెళ్లికి అడగడం, ఆవిడ ఏమందో, ఎప్పుడందో, ఆ వరసలో చదివితేనే బాగుంటుంది. చదివినవాళ్లుంటే మీకు నచ్చిన కేసు ఏదో కామెంట్లలో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.