మూడు బొమ్మల పుస్తకాలు, ఒక మడత

నమస్కారం. ఈ మూడు పుస్తకాలూ ప్రచురణకర్తలు నాకు ఉచితంగా పంపినవి. డబ్బు తీసుకోలేదు, ఫలానా మాట చెప్పమని వారు అడగనూ లేదు. పేర్లు, ధరలు, పేజీల లెక్క వీడియో కింద ఇచ్చాను కాబట్టి మళ్లీ చదివి వినిపించను. మూడు వారాలుగా మా ఇంట్లో వీటితో ఏం జరిగిందో చెబుతాను.

మొదటిది సంగీతోత్సవాల పుస్తకం. ఇదిగో, ఈ బొమ్మ దగ్గరకు రండి. పుష్య బహుళ పంచమి, తిరువయ్యారు, కావేరి ఒడ్డున త్యాగరాజ ఆరాధన. పందిరి కింద విద్వాంసులు నేల మీదే బారులు తీరి కూర్చున్నారు. ఈ మూల మృదంగం మీద చేతిని చూడండి, వేళ్లు ఇంకా ఆనలేదు, దెబ్బ పడబోతోంది. నాట రాగంతో మొదలై శ్రీరాగంతో ముగిసే అయిదు కీర్తనలను అంతమంది ఒక్క గొంతుగా పాడతారు. తమిళ నేల మీద, ఎక్కువగా తెలుగు మాట. మా అమ్మ ఒకసారి వెళ్లి వచ్చింది. ఈ పేజీ చూపించగానే కళ్లద్దాలు తెచ్చుకుని, తాను కూర్చున్న చోటు వేలితో చూపించింది.

పక్క పేజీలో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఉన్నారు. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజుల్లో, తన సొమ్ము పెట్టి త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించిన మనిషి. ఆమెకు ఒక పూర్తి పేజీ ఇచ్చినందుకు ఈ చిత్రకారులకు చేతులెత్తి మొక్కుతాను. తర్వాత 1969 ఆగస్టు నాటి ఉడ్‌స్టాక్ రాక్ సంగీతోత్సవం వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడి రైతు పొలం, వాన, బురద, నాలుగు లక్షలకు పైగా జనం. ఆ బొమ్మ బాగుంది, కానీ నా మనసు తిరువయ్యారు దగ్గరే ఉంది.

ఇక రెండోది, అంతరిక్షం. దీని మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత గ్రామఫోన్ రికార్డు గురించి పన్నెండు పేజీలు ఇచ్చారు. అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి, మన తెలుగూ ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గానం కూడా ఉంది. మన మాట సౌరకుటుంబం అంచులు దాటి వెళుతోందని చదివినప్పుడు మా అమ్మాయి లేచి నిలబడింది.

ఆ రికార్డు మూత మీద చెక్కిన గీతలే అసలైన బొమ్మ చిక్కు. ఒక బిందువు నుంచి 14 పల్సార్ల వైపు, అంటే లయ తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రాల వైపు, గీతలు. ఆ బిందువే మన సూర్యుడు. ఎప్పుడో ఎవరికైనా దొరికితే, మనం ఎక్కడున్నామో ఆ గీతలను బట్టి లెక్క కట్టుకోవచ్చు. అంతటి చిత్రాన్ని రెండు పేజీల మీద పరిచారు, మంచిదే. కానీ ఆ గీతలన్నీ కలిసే చోటు సరిగ్గా నడిమి మడతలో పడింది! ఇలా ఎంత లాగినా సూర్యుడు కనిపించడు. ఇంకా లాగితే వెన్ను పగులుతుంది. పేజీలను జిగురుతో అంటించారు. రెండేళ్ల క్రితం నేను ఇలాంటిదే ఒక అట్లాసు కొన్నాను, ఆరు నెలల్లో దక్షిణ అమెరికా ఊడి చేతికి వచ్చింది. సంగీతోత్సవాల పుస్తకాన్ని మాత్రం ఫారాలుగా మడిచి దారంతో కుట్టారు. ఒకే ప్రచురణకర్త, ఒకే నెల. ఇంత మంచి రాత, ఇంత మంచి బొమ్మలు పెట్టి కుట్టు దగ్గర పొదుపు చేయడం నాకు మింగుడు పడలేదు.

మూడోది బొమ్మల చిక్కులు. తేడాలు కనుక్కోవడం, దారి వెతకడం, చుక్కలు కలపడం. తీగ చుట్టలతో కట్టారు కనుక పూర్తిగా పరుచుకుంటుంది. ఎడమ బొమ్మ మీద ఒక వేలు, కుడి బొమ్మ మీద ఒక వేలు పెట్టి మా అమ్మాయి గంటసేపు కదలదు. సంత బొమ్మలో చివరి తేడా తక్కెడ పళ్లెంలో ఉంది, నాకంటే ముందు తనే పట్టేసింది. కాగితం మందంగా ఉంది, పెన్సిల్ గీత చెరిపినా మరక పడలేదు.

సంగీతోత్సవాల పుస్తకం కొనండి, పెద్దవాళ్లకు కానుకగా ఇవ్వండి. చిక్కుల పుస్తకం ఏడెనిమిదేళ్ల పిల్లలున్న ఇంటికి వెంటనే కొనవచ్చు. అంతరిక్షం పుస్తకాన్ని గ్రంథాలయంలో దొరికితే తప్పకుండా చదవండి. డబ్బు పెట్టి కొనేది మాత్రం కుట్టుతో మళ్లీ అచ్చు వేశాకే. ఈ మాట ప్రచురణకర్తలకు కూడా రాసి పంపాను.

దుకాణంలో మీరే పరీక్షించుకోవచ్చు. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి, బల్ల మీద పెట్టి, చేతులు తీసేయండి. ఇదిగో సంగీతోత్సవాలు, పరుచుకుని ఉంది. ఇదిగో అంతరిక్షం... చూశారా, మూసుకుపోయింది.