క్రాకోవ్‌లో ఒక సమాధి, రెండు దీపాలు

హాయ్ అందరికీ. "ఎప్పుడూ ఇల్లూ వంటేనా, ఊరు చూపించవే" అని పిన్ని మూడు వారాలుగా అడుగుతోంది. అందుకే ఈ ఆదివారం, నేనుండే ఈ పోలండ్ ఊరు క్రాకోవ్‌లో ట్రామెక్కి సాల్వాటర్ అనే చివరి స్టాపులో దిగాను. ఇక్కణ్ణుంచి గుట్ట మీదికి నడిస్తే ఒక శ్మశానం వస్తుంది. అమ్మా, కంగారు పడకు. ఇక్కడ ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని మరీ వస్తారు.

ఇదిగో దీన్ని చూడండి, జ్నిచ్ అంటారు. గాజు గ్లాసులో మైనం, పైన చిల్లుల మూత, గాలికీ వానకీ ఆరదు. ఒక్కోటి 12 జ్లోటీలు, అంటే ఇక్కడి డబ్బు. జ్లోటీ 23 రూపాయలు వేసుకున్నా 276! మన దగ్గర ఆ డబ్బుతో కార్తీకమాసమంతటికీ ఒత్తులు కొనుక్కోవచ్చు. అయినా రెండు కొన్నాను. నవంబర్ 1న ఊరంతా సమాధుల మీద ఇవి వెలిగిస్తారు, పోయినేడు చూసినప్పుడు అచ్చం మన కార్తీక పౌర్ణమి నాటి కోనేరులా అనిపించింది.

నేను వచ్చింది స్తానిస్వాఫ్ లెమ్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత సమాధి కోసం. 1921లో ల్వీవ్‌లో పుట్టాడు, అప్పుడది పోలండ్‌లో ఉండేది, ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉంది. యూదుల కుటుంబం, నాన్న చెవి-ముక్కు-గొంతు డాక్టరు. యుద్ధంలో దొంగ కాగితాలతో బతికి బయటపడ్డారు, లెమ్ జర్మన్ల గ్యారేజీలో మెకానిక్‌గా చేశాడు. యుద్ధం అయ్యాక సరిహద్దే జరిగిపోయింది, ఇల్లూ ఊరూ వదిలేసి క్రాకోవ్ వచ్చారు. ఇక్కడ మెడిసిన్ చదివి కూడా, మిలటరీ డాక్టరుగా పంపేస్తారని ఆఖరి పరీక్షలు రాయలేదు. 2006లో ఈ ఊళ్ళోనే పోయాడు.

1961లో వచ్చిన ఆయన 'సోలారిస్' నవల నేను రెండుసార్లు చదివాను. ఒక గ్రహం, దాని నిండా సముద్రం, ఆ సముద్రమే ఒక ప్రాణి. అక్కడికి వెళ్ళిన మనుషుల మనసులోంచి జ్ఞాపకాలు లాగి, పోయినవాళ్ళని రక్తమాంసాలతో వాళ్ళ ముందు నిలబెడుతుంది. ఎందుకు చేస్తోందో చివరిదాకా ఎవరికీ అర్థం కాదు. లెమ్‌కి కావాల్సింది సరిగ్గా అదే, మనిషి బుద్ధికి అందనిది ఒకటి ఉంటుందని ఒప్పుకోవడం.

1972లో తార్కోవ్‌స్కీ అనే రష్యన్ దర్శకుడు దాన్ని సినిమాగా తీశాడు. స్క్రిప్ట్ మీద లెమ్ మాస్కో వెళ్ళి వారాల తరబడి గొడవపడి, చివరికి మూర్ఖుడివని తిట్టి వచ్చేశానని తనే చెప్పుకున్నాడు. ఇది సోలారిస్ కాదు, దోస్తొయెవ్‌స్కీ నవల 'నేరమూ శిక్షా' తీశాడు అన్నాడు. 2002లో హాలీవుడ్ వాళ్ళు మళ్ళీ తీస్తే, నా పుస్తకం పేరు సోలారిస్, 'అంతరిక్షంలో ప్రేమ' కాదు అన్నాడు. ఆయనకి నచ్చిన సినిమా ఒకటుంది. 1968లో ఆయనే రాసిచ్చిన స్క్రిప్ట్‌తో ఆంజెయ్ వైదా అనే పోలిష్ దర్శకుడు టీవీకి తీసిన చిన్న సినిమా. ప్రమాదాల్లో దెబ్బలు తిని ఒంట్లో సగం వేరేవాళ్ళ అవయవాలే అయిపోయిన రేసు డ్రైవరు, ఇప్పుడు వీడెవడు అని లాయర్లు కొట్టుకుంటారు. వైదా సమాధి కూడా ఈ శ్మశానంలోనే ఉంది.

నాకు లెమ్ చెప్పిందే న్యాయం అనిపిస్తుంది. కథలో అసలు విషయం సముద్రం, సినిమా దాన్ని పక్కన పెట్టేసింది. కానీ తార్కోవ్‌స్కీ ముగింపు నన్ను వదల్లేదు. హీరో ఊరికి వస్తాడు, ఇంట్లో వాన కురుస్తుంటుంది, గడపలో నాన్న. కొడుకు ఆయన కాళ్ళ దగ్గర కూలబడతాడు. కెమెరా పైకి లేస్తుంది, చూస్తే ఆ ఇల్లు సోలారిస్ సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి. పుట్టిన ఇంటిని నిజంగా పోగొట్టుకున్న లెమ్‌కి అది కంటగింపు ఎందుకైందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. మా నాన్న అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలిపాం. ఆయన కోసం వెళ్ళి నిలబడడానికి నాకో చోటంటూ లేదు.

ఇదే సమాధి. లాటిన్‌లో రాసుంది, నాకు చేతనైంది చేశాను, చేయగలవాళ్ళు ఇంతకంటే బాగా చేయండి అని. గాలి బాగా ఉంది, ఆగండి... మూడో పుల్లకి వెలిగింది.

రెండోది వైదా కోసం కొన్నాను. బ్యాగులోనే ఉంచుకున్నాను, ఇంటికెళ్ళి నాన్న ఫోటో దగ్గర పెడతాను. అమ్మ ఫోన్ చేస్తోంది... ఆఁ అమ్మా. సరే. ముందు తలస్నానం చేసే వెలిగిస్తానులే.