పనామా తెగులుకు "ఏ మందు కొట్టాలి?" అని అడిగే ముందు

నమస్కారం. పనామా తెగులు మాట ఎత్తగానే అరటి రైతులు అడిగే మొదటి ప్రశ్న "ఏ మందు కొట్టమంటారు?" అన్నదే. అలా అడగడంలో వారి తప్పేమీ లేదు. సిగటోక ఆకుమచ్చ వచ్చినప్పుడు పిచికారీ చేశారు, తోట నిలబడింది. ఇదీ అలాంటిదే అనుకుంటున్నారు. ఆ భ్రమను సరిదిద్దవలసినవారే ఏదో ఒక డబ్బా చేతిలో పెట్టి పంపిస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. సిగటోక గాలిలో వచ్చి ఆకు మీద వాలుతుంది కాబట్టి ఆకు మీద కొట్టిన మందు దానికి తగులుతుంది. పనామా తెగులును కలిగించే ఫ్యుజేరియం శిలీంద్రం మట్టిలో ఉంటుంది, వేరులో దూరుతుంది, అక్కడి నుంచి దుంపలోకీ కాండంలోకీ నీరు ఎక్కే నాళాల్లో పెరుగుతుంది. ఆకు మీద పడిన మందు అక్కడిదాకా చేరదు. కార్బెండజిమ్ అనే శిలీంద్రనాశిని ద్రావణాన్ని మొదలు చుట్టూ పోయడమో దుంపలోకి ఎక్కించడమో తొలి దశలో కొంత మేలు చేయవచ్చు గాని, అది తోట మట్టిని శుభ్రం చేయదు.

ఈ తెగులు పాకే తీరు చెప్పడానికి మన వంటింట్లోని పెరుగు తోడు కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేసి మూత పెడితే, తెల్లవారేసరికి పాలన్నీ తోడుకుంటాయి. తోడు ఎంత పడిందన్నది కాదు, పడిందా లేదా అన్నదే లెక్క.

(తెర మీద: బూటు అడుగున గాళ్ల మధ్య ఇరుక్కున్న తడిమట్టి, దగ్గరగా.)

ఈ గాళ్లలో ఇరుక్కున్నది మహా అయితే పిడికెడు మట్టి. తెగులు ఉన్న తోటలో నడిచిన బూటు అయితే ఇదే ఆ చెంచాడు తోడు. గెలలు కొట్టే కత్తి, పిలకలు తవ్వే గునపం, ట్రాక్టరు చక్రం, ఒక తోటలో నుంచి మరో తోటలోకి పారే కాలువ నీరు, వరద నీరు, ఇవన్నీ ఆ చెంచాలే. అన్నిటికంటే పెద్ద చెంచా పిలక. తల్లి చెట్టుకు తెగులు సోకి నెలలు గడిచినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. దాని పిలక పచ్చగా, బలంగా ఉంటుంది. లారీ ఎక్కి వందల కిలోమీటర్లు దాటి కొత్త చేనులో దిగుతుంది.

మట్టిలో పడిన శిలీంద్రం గట్టి గోడ కట్టుకున్న సిద్ధబీజాలుగా మారి నిద్రపోతుంది. అరటి వేరు దగ్గరికి వచ్చి, దాని నుంచి ఊరే ద్రవాలు సోకినప్పుడు లేస్తుంది. ఆ నిద్ర 20 ఏళ్లు దాటినా అది బతికి ఉండగలదు. రెండేళ్లు వేరే పంట వేసి మళ్లీ అరటి పెట్టుకుంటామనే వారికి నేను ఇదే చెబుతాను: పెరుగు తోడుకున్న గిన్నెను కడగకుండా ఎండబెట్టి అందులోనే కొత్త పాలు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది. పైగా కొన్ని కలుపు మొక్కల వేళ్లలో కూడా ఈ శిలీంద్రం ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది.

(తెర మీద: కాండం అడ్డుకోత ఫోటో.)

ఈ ముక్కను ఫోటోగానే చూపిస్తున్నాను. తెగులు సోకిన ముక్కను తోట దాటించి ఇక్కడికి తీసుకురావడమే తప్పు. తెల్లగా ఉండవలసిన పొరల మధ్య ఎర్రటి, గోధుమ రంగు చుక్కలు వలయాలుగా కనిపిస్తున్నాయి కదా, అవి మూసుకుపోయిన నీటి నాళాలు. అందుకే డ్రిప్ కింద నేల తడిగానే ఉన్నా ముదురు ఆకుల అంచులు పసుపు పచ్చగా మారి, కాడ దగ్గర విరిగి, కాండం చుట్టూ కుచ్చెళ్లలా వేలాడతాయి. కాండం అడుగున నిలువు పగుళ్లు వస్తాయి. ఇది చూసి నీరు చాలలేదనుకుని ఇంకా నీరు పెట్టేవారు ఉన్నారు. ఆ నీరే తోడును పక్క చెట్టుకు మోసుకుపోతుంది.

ఇక ఒక తోట కథ దేశాల కథగా ఎలా మారింది? అరటికి విత్తనం లేదు, పిలకే విత్తనం. కాబట్టి ఒక రకం చెట్లన్నీ దాదాపు ఒకే చెట్టు. అన్ని ఇళ్లలోనూ ఒకే పాలు ఉన్నాయన్న మాట. ఒక ఇంటి పాలను తోడుపెట్టిన తోడు అన్ని ఇళ్ల పాలనూ తోడుపెడుతుంది. లాటిన్ అమెరికా నుంచి ఎగుమతైన గ్రో మిషెల్ రకాన్ని ఈ శిలీంద్రంలో రేస్ 1 అనే తెగ తుడిచిపెట్టింది, 1960ల నాటికి ఆ స్థానంలో కావెండిష్ అరటి వచ్చింది. మన అమృతపాణి దెబ్బతింటున్నదీ ఈ రేస్ 1 వల్లనే. మన జి-9 రకం కావెండిష్ కుటుంబానిదే కనుక దానికి రేస్ 1 సాధారణంగా సోకదు, మన రైతుల ధీమా కూడా అదే. అయితే కావెండిష్‌ను పడగొట్టే ట్రాపికల్ రేస్ 4 అనే మరో తెగ తైవాన్‌లో బయటపడి, మలేషియా, ఇండోనేషియాలకు పాకి, 1997లో ఆస్ట్రేలియాలోని డార్విన్ ప్రాంతంలోనూ, 2019లో కొలంబియాలోనూ, 2021లో పెరూలోనూ తేలింది. మన దేశంలో బీహార్‌లోని కతిహార్, పూర్ణియా జిల్లాల్లో మొదట గుర్తించారు. తర్వాత ఉత్తరప్రదేశ్, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలోనూ కనిపించింది. పులివెందుల, అనంతపురం ప్రాంతాల్లో ఎకరాల కొద్దీ జి-9 ఉంది. నాకున్న దిగులు అదే.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ప్రయోగశాలలో పెంచిన టిష్యూకల్చర్ మొక్క శుభ్రమైన పాలు, నిజమే, కానీ గిన్నె శుభ్రంగా లేకపోతే అదీ తోడుకుంటుంది. నమ్మకమైన చోట మొక్కలు కొనండి, నాటే చేను చరిత్ర తెలుసుకోండి. పనిముట్లకూ బూట్లకూ అంటిన మట్టిని పూర్తిగా కడిగిన తర్వాతే క్రిమిసంహారక ద్రావణంలో ముంచండి, మట్టి మీదే పోస్తే దాని పని తగ్గిపోతుంది. ఈ తెగులును అదుపు చేయడానికి ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం మీద మన శాస్త్రవేత్తలు పని చేస్తున్నారు. ఆస్ట్రేలియాలో ఈ తెగులును తట్టుకునేలా అడవి అరటి జన్యువును చేర్చిన కావెండిష్‌కు 2024లో అనుమతి వచ్చింది. అదే దేశంలోని టల్లీ లోయలో 2015లో తెగులు కనిపించిన మొదటి తోటను మరుసటి ఏడాది కొనుగోలు చేసి మూసివేశారు; అంత ఖర్చు పెట్టింది తోడు గిన్నె దాటకుండా ఉండడానికే.

జి-9 తోటలో ఇలా పసుపు పచ్చగా మారిన చెట్టు ఒక్కటి కనిపించినా, పెరికి కాలువలో పడేయకుండా, చుట్టూ తాడు కట్టి, ఆ వైపు నీరు ఆపి, ఉద్యాన అధికారిని పిలవండి. ఆ తోటలోని పిలకలను, అవి ఎంత పచ్చగా ఉన్నా, వియ్యాలవారు అడిగినా ఇవ్వకండి.