ఫోన్-ఇన్: గేమ్ తయారీలో ఉద్యోగం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

వ్యాఖ్యాత: నమస్కారం. వీడియో గేములు తయారుచేసే పనిలోకి ఎట్లా పోవాలో ఈ వారం మాట్లాడుకుందాం. ఒక గేమ్ డిజైనర్, ఒక ప్రొడ్యూసర్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కావలి నుంచి. చెప్పండి.

కాలర్ (కావలి): నమస్తే మేడమ్. బీటెక్ రెండో సంవత్సరం. నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. నెల్లూరు అంతా బండి మీద తిరిగే ఓపెన్ వరల్డ్ ఆట చేద్దామని ఉంది. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, అదే ఇంజన్లలో, అన్‌రియల్ నేర్చుకోనా, యూనిటీనా సార్?

డిజైనర్: ట్రంకు రోడ్డు ఒక్కటి చెయ్యడానికే నీకు ఏళ్లు పడతాయి తమ్ముడూ. ఆ ల్యాప్‌టాప్ మీద ముందు గోడాట్ అనే ఇంజను పెట్టు. ఉచితం, ఆట అమ్ముకున్నా రాయల్టీ కట్టే పని లేదు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్, అంటే బొమ్మని తెర మీద గీసే భాగం, ఏది కావాలని అడుగుద్ది. ఫార్వర్డ్ ప్లస్ వదిలేసి కంపాటిబిలిటీ ఎంచుకో. అది పాత గ్రాఫిక్స్ పద్ధతి ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది కాబట్టి పాత చిప్పు కూడా మోస్తుంది. ఆ ఒక్క క్లిక్కు చూసుకోక ఇంజనుని తిట్టుకునేవాళ్లు చాలామంది. రెండు ఆటలు పూర్తయ్యాక యూనిటీకి, దాని ప్రోగ్రామింగ్ భాష సీ షార్ప్‌కి రా. ఇక్కడి మొబైల్ స్టూడియోలు ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేవి అవే.

కాలర్: మరి ఏ ఆట చెయ్యాలి సార్?

డిజైనర్: ఒకే తెర, ఒకే బటన్, ఓడిపోవడానికి ఒకే కారణం. మీ దగ్గర రొయ్యల గుంటలున్నాయిగా, అదే తీసుకో. రాత్రి కరెంటు పోయింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతా ఉంది. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు జనరేటర్ మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తిరుగుద్ది, డీజిల్ తగ్గుద్ది. తెల్లారేదాకా రొయ్య బతకాలి. ఆట అంతే. ఇప్పుడు పెన్ను తీసుకో. ఆక్సిజన్ 100తో మొదలు, సెకనుకు 2 తగ్గుతుంది. ఏరియేటర్ తిరిగితే ఆ తగ్గడం ఆగి సెకనుకు 5 పెరుగుతుంది, 100 మాత్రం దాటదు. డీజిల్ 60, సెకనుకు 3 ఖర్చు. మొత్తం ఎన్ని సెకన్లు తిప్పగలవు?

కాలర్: ఇరవై.

డిజైనర్: ఆ 20 సెకన్లలో 100 వస్తుంది. మొదట ఉన్న 100 కలిపితే 200. సెకనుకు 2 చొప్పున అది 100 సెకన్లు కరుగుతుంది. తిప్పిన 20 కూడా కలుపుకుంటే, చుక్క డీజిల్ వృథా చెయ్యనివాడు 120 సెకన్లు నెట్టుకొస్తాడు. అదే భయపడి మొదట్నుంచే నొక్కి పట్టుకున్నాడనుకో, గేజి అప్పటికే నిండుగా ఉంది. డీజిలంతా వట్టిపుణ్యానికి పోతుంది. 20 సెకన్లు అట్లా, ఆపైన 50 సెకన్లు. 70కల్లా గుంట ఖాళీ. మరి రాత్రి ఎంతసేపు పెడతావు?

కాలర్: వంద సెకన్లా?

డిజైనర్: 90 పెట్టి చూడు. తొలిసారి ఆడినవాడు తెల్లారడానికి 20 సెకన్ల ముందు ఓడిపోతాడు. కొద్దిలో పోయిందే అనిపించి మళ్లీ ఆడతాడు. 60 పెడితే ఏమీ ఆలోచించకుండా నొక్కినా గెలుస్తాడు. 120 పెడితే ఎంత బాగా ఆడినా వెంట్రుకవాసి తేడాలో పోతుంది. డిజైనర్ చేసేది ఈ పనే. కథలు, హీరోలు తర్వాత సంగతి. ఈ లెక్కంతా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుని, ఇంటర్వ్యూలో ఆటతోపాటు ఆ షీటు కూడా తెరిచి చూపించు.

ప్రొడ్యూసర్: రోజుల లెక్క నేను చెప్తాను. మొదటి వారం బొమ్మలు వద్దు, రంగు డబ్బాలు చాలు. రెండో వారం గెలుపు, ఓటమి, మళ్లీ మొదలుపెట్టే బటన్. మూడో వారం ఐదుగురి చేత ఆడించు, పక్కన కూర్చుని నోరు మెదపొద్దు. ‘అక్కడ నొక్కరా’ అన్నావంటే ఆ పరీక్ష చెడినట్టే. నాలుగో వారం శబ్దాలు, మెనూ, ఆటలు పంచుకునే సైటు ఇచ్ డాట్ ఐఓలో పెట్టడం. అక్కడ ఫీజు లేదు. మొదటి రోజు నుంచీ గిట్ వాడు, అది ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే పనిముట్టు. డాట్ గోడాట్ అనే ఫోల్డర్‌ని అందులోకి పోనివ్వొద్దు, అది ఇంజను తానే మళ్లీ తయారుచేసుకునే సరుకు. ఇంకొకటి, ఆ ఫైళ్లని ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు. పెద్ద వీడియో ఒకసారి కమిట్ చేశావంటే (గిట్‌లో నమోదు చేశావంటే), తర్వాత తీసేసినా పాత కమిట్‌లో కూర్చుని, గిట్‌హబ్‌కి పంపడాన్ని, అదే పుష్‌ని ఆపేస్తుంది.

వ్యాఖ్యాత: చీమకుర్తి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్ (చీమకుర్తి): మావోడు ఇంటర్ రెండో సంవత్సరం అమ్మా. పొద్దస్తమానం ఫోన్లో ఆటలే. ఏందిరా ఇది అంటే గేమ్ డిజైనర్‌నవుతా అంటాడు. హైదరాబాదులో ఏదో కోర్సంట, లక్షలు అడుగుతున్నారు. ఇది ఆ పేకాట యాపుల పనేనా? వాటిని ఆపేశారంటగా.

ప్రొడ్యూసర్: ఆ పని కాదమ్మా. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. మామూలు ఆటలకు ఆ నిషేధం లేదు. కోర్సు సంగతికొస్తే, డబ్బు కట్టే ముందు కొన్ని అడగండి. పోయినేడు చదివిన పిలకాయలు చేసిన ఆటలు ఎక్కడున్నాయి, మేం ఆడి చూడొచ్చా? పాఠం చెప్పేవాళ్ల పేరు విడుదలైన ఏ ఆట క్రెడిట్స్‌లో ఉంది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, అది రాసిస్తారా? ‘నూటికి నూరు ఉద్యోగం’ అని నోటితో చెప్పేవాళ్లను అదే మాట కాగితం మీద రాయమని చూడండి. డిగ్రీయే కావాలంటే ప్రోగ్రామింగ్ వైపు బీటెక్ కంప్యూటర్స్ చాలు. డిజైన్ వైపు బీ.డిజైన్ ఉంది, ఐఐటీల్లో చేరాలంటే యూసీడ్ పరీక్ష రాయాలి. డిగ్రీ అయ్యాక డీఏటీ ప్రవేశ పరీక్ష రాస్తే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది.

డిజైనర్: అబ్బాయిని పరీక్షించడానికి లక్షలెందుకమ్మా, పులి-మేక గీయించండి. 3 పులులు, 15 మేకలు కదా. మేకల్ని 12 చేసి పది ఆటలు ఆడమనండి. ఎవరు ఎన్ని గెలిచారు, ఏ ఎత్తు దగ్గర ఆట తిరిగిపోయింది, నోట్సులో రాయాలి. మళ్లీ 15తో పది ఆటలు. అది కుదురుగా కూర్చుని రాశాడంటే ఆలోచించండి. పది నిమిషాలకే ఫోన్ తీశాడంటే వాడికి ఆడటమే ఇష్టం, చెయ్యడం కాదు.

కాలర్: గీయడానికి మా చీమకుర్తిలో బండలకేం కరువులే నాయనా! ఈ రాత్రికే కూర్చోబెడతా.

వ్యాఖ్యాత: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి ఇంకొకరు.

కాలర్ (నెల్లూరు): మేడమ్, నేను బొమ్మలు వేస్తాను. ఫ్రెండ్స్ ఆటకి ఆరు బ్యాక్‌గ్రౌండ్లు వేశాను. ఒక్కోటి 2 ఎంబీ కూడా లేదు, అయినా ఫోన్లో ఆట మూసుకుపోతోంది. నా బొమ్మలే కారణమంటున్నారు.

ప్రొడ్యూసర్: కొలతలెంత?

కాలర్: 4096 బై 4096.

ప్రొడ్యూసర్: మరి వాళ్లు చెప్పింది నిజమేనమ్మా. పీఎన్‌జీ సైజు డిస్కులో లెక్క. ఆటలో తెరిచాక ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. 4096 చదరం అంటే 64 ఎంబీ, ఆరు కలిపితే 384 ఎంబీ. కొలత సగం చేస్తే మెమరీ నాలుగో వంతుకు వస్తుంది: 2048కి 16 ఎంబీ. చిన్న ఫోను తెర మీద తేడా కనపడదు. ఒకసారికి ఒక్క బ్యాక్‌గ్రౌండే లోడ్ చెయ్యమని, మొబైల్‌కి టెక్స్చర్ కంప్రెషన్, అంటే బొమ్మల్ని మెమరీలో కుదించడం, పెట్టమని ప్రోగ్రామర్‌కి చెప్పు. పోర్ట్‌ఫోలియోలో ఎనిమిది, పది బొమ్మలు మించొద్దు. ఒక్కోదాని పక్కన అది ఆటలో నడుస్తున్న స్క్రీన్‌షాట్, కొలత, మెమరీ రాయి. ఇప్పుడు పడ్డ ఈ తిప్పలు కూడా అందులో ఒక పేజీ అవుతుంది.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి చివరి కాల్.

కాలర్ (ఒంగోలు): సార్, గోడాట్‌లో ఆట అయిపోవచ్చింది, ప్లే స్టోర్‌లో పెట్టాలి. ఒక తిరకాసు. నా ఫోన్లో హీరో బాగానే నడుస్తాడు. మా తమ్ముడి కొత్త ఫోన్లో రెండింతలు పరిగెత్తుతున్నాడు.

ప్రొడ్యూసర్: స్టోర్ సంగతి ముందు చెప్పేస్తా. ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. కొత్త పర్సనల్ ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో (పిలిచినవాళ్లు మాత్రమే ఆడే పరీక్షలో) ఉండాలి. సరిగ్గా 12 మందితో మొదలుపెడితే ఒకరు బయటికి పోగానే లెక్క తప్పుద్ది. 20 మందిని పోగేసుకో.

డిజైనర్: మీ తమ్ముడి ఫోన్ 120 హెర్ట్జ్ అయ్యుంటుంది, అంటే తెర సెకనుకు 120 ఫ్రేములు చూపిస్తుంది. ఫ్రేముకోసారి నడిచే ప్రాసెస్ ఫంక్షన్‌లో ఫ్రేముకి 5 పిక్సెళ్లు జరుపుతున్నావా?

కాలర్: అవును సార్, 5నే.

డిజైనర్: నీ ఫోన్లో 60 ఫ్రేములు, సెకనుకు 300 పిక్సెళ్లు. వాడి ఫోన్లో 600. హీరోని గోడాట్‌లో కదిలే పాత్రలకుండే క్యారెక్టర్‌బాడీ చేసి, ఫిజిక్స్ ప్రాసెస్‌లో వెలాసిటీకి 300 ఇచ్చి, వాణ్ని కదిపే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్‌ని పిలువు. ఏ ఫోనైనా ఫిజిక్స్ ప్రాసెస్ సెకనుకు 60 సార్లే నడుస్తుంది. ఆ 300ని డెల్టాతో, అంటే అది ఒకసారి నడిచాక మళ్లీ నడిచేలోపు గడిచిన సమయంతో, గుణించొద్దు, మూవ్ అండ్ స్లైడ్ ఆ పని లోపలే చేస్తుంది. నువ్వు కూడా గుణిస్తే సెకనుకు 5 పిక్సెళ్లే, హీరో నిలబడిపోయినట్టు ఉంటాడు.

కాలర్: గ్రావిటీకి కూడా డెల్టా వద్దా?

డిజైనర్: దానికి కావాలి. గ్రావిటీ వేగాన్ని పెంచేది. 980ని డెల్టాతో గుణించి వెలాసిటీ వై‌కి కలుపు. మరిచిపోతే ప్రతి టిక్కుకీ 980 కలిసి, కనురెప్ప వేసేలోపు తెర కిందికి పోతాడు.

కాలర్: ల్యాప్‌టాప్ ముందే ఉన్నా సార్, మారుస్తున్నా... నడక సరిపోయింది. దూకు బటన్ నొక్కితే మాత్రం కదలడం లేదు. 400 ఇచ్చాను.

డిజైనర్: ప్లస్ 400 ఇచ్చావా? గోడాట్‌లో వై కిందికి పెరుగుతుంది. నువ్వు వాణ్ని నేలలోకి తొక్కుతున్నావు. మైనస్ పెట్టు.

కాలర్: ఆ... లేచాడు సార్.