వాన రోజున ఆగిపోయిన వైపర్

శ్రోతలకు నమస్కారం.

పాత బండిలో పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం గురించి మాట్లాడమన్నారు. ఇచ్చింది పది నిమిషాలు. రుడాల్ఫ్ డీజిల్ ఎవరు, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను ఎలా నడిచింది, 1913లో ఓడ మీద వెళ్తూ వెళ్తూ ఆయన ఎలా మాయమైపోయాడు... ఇవన్నీ మొదలెడితే మన బండి షెడ్డు దాటదు. అంచేత ఒకే ఒక్క బండి సంగతి చెప్తాను. మా చిన్నాన్న బండి. సాలూరు బండి.

సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, నేను చెప్పే రోజుల్లో విజయనగరం జిల్లాయే. సాలూరంటే లారీలు. లారీలంటే మేస్త్రీలు, లేతులు, బండి బరువు మోసే ఇనప పట్టీల కమాన్ కట్టలు, పాత ఇనుప దుకాణాలు. మా చిన్నాన్నకి లారీ లేదు. 1968 మోడల్ మహీంద్రా జీపు ఉండేది. వెనక సీట్లు పీకించి చెక్క తొట్టి కట్టించాడు. ఊళ్ళో అందరూ దాన్ని తొట్టి జీపు అనేవారు. సాలూరులో ఉప్పూ పప్పూ ఎక్కించుకుని, ఘాటీ ఎక్కి, సుంకి దాటి ఒడిశాలోని కుందులి సంతకి వెళ్ళేది. వచ్చేటప్పుడు అల్లం బస్తాలు, కూరగాయలు.

దాని పెట్రోలు ఇంజను పేరు హరికేన్. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. పేరుకి తుపానే. తాగడంలో కూడా తుపానే. ఘాటీలో లీటరుకి ఆరు కిలోమీటర్లిస్తే ఆ రోజు పండగ. ఆ రోజుల్లో డీజిలు ధర పెట్రోలు ధరలో సగం దగ్గర్లో ఉండేది. తొంభైల్లో మన జిల్లాల్లో పాత జీపులూ అంబాసిడర్లూ వరస కట్టి డీజిలుకి మారాయంటే కారణం అదొక్కటే. ఇంకే శాస్త్రమూ లేదు.

చిన్నాన్న పాత ఇనుములోకి వెళ్ళిపోతున్న ఒక డీజిలు జీపు నుంచి ఇంజను కొన్నాడు. ఫ్రెంచి కంపెనీ ప్యుజో వాళ్ళ ఇంజను. ఎక్స్‌డీపీ 4.90 అంటారు. 4 అంటే సిలిండర్లు, 90 అంటే ఒక్కో సిలిండరు బోరు, అంటే లోపలి వెడల్పు, 90 మిల్లీమీటర్లు. మహీంద్రా వాళ్ళు తమ జీపుల్లో వేసిందే. అంచేత మనం కొత్త సాహసం ఏమీ చెయ్యట్లేదు అనుకున్నాం.

ఇంజను మార్చడమంటే ఇంజను మార్చడమే అనుకుంటాం కదండీ. కాదు. డీజిలు ఇంజను బరువు. ముందు వైపు కమాన్ కట్టకి ఒక పట్టీ ఎక్కువ వెయ్యాలి. పెద్ద బ్యాటరీ కావాలి, ఎందుకంటే పెట్రోలు ఇంజను గాలిని ఏడో వంతుకి అణిస్తే ఇది ఇరవయ్యో వంతుకి పైగా అణుస్తుంది. దాన్ని తిప్పడానికి సెల్ఫ్ మోటారుకి చాలా బలం కావాలి. డీజిలు టాంకుకి రెండు పైపులుండాలి, ఒకటి వెళ్ళేది, ఒకటి సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్ళ దగ్గర మిగిలింది తిరిగొచ్చేది. తాళం తీసేసినా ఇంజను ఆగదు; ఆపడానికి ఒక నాబ్ లాగాలి. ఇక పాత గేరు బాక్సుకీ కొత్త ఇంజనుకీ బోల్టులు కలవవు. మధ్యలో ఇనప ప్లేటు కోయించి లేతు మీద సెంటరు చూసుకోవాలి. ఆ సెంటరు వెంట్రుకవాసి తప్పిందా, క్లచ్ నొక్కినప్పుడల్లా బేరింగు ఏడుస్తుంది. ఇవన్నీ మా మేస్త్రి చేశాడు. ఎంత బాగా చేశాడంటే, పదహారు రోజుల తరవాత బండి స్టార్టయితే షెడ్డు పక్కన టీ కొట్టువాడు కూడా చప్పట్లు కొట్టాడు.

ఒక్కటి మరిచిపోయాడు. ఆ ఒక్కటీ చెప్దామనే ఇవాళ వచ్చాను.

ఆషాఢం. నాకు పద్నాలుగేళ్ళు. బడి మానేసి చిన్నాన్న పక్కన కూర్చున్నాను. ఘాటీ మొదలయ్యేదాకా ఎండ. మూడో మలుపు తిరిగేసరికి వాన. ఎదురుగా కొండ లేదు, రోడ్డు లేదు, బానెట్ కూడా లేదు. చిన్నాన్న వైపర్ నాబ్ తిప్పాడు. వైపర్ కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. కదల్లేదు. పైనుంచి లారీ హారను వినిపిస్తోంది, లారీ కనిపించట్లేదు.

చిన్నాన్న బండిని కొండవారగా ఆపి దిగాడు. చెవి సందున ఉన్న చుట్ట తీసి, విప్పి, తడి పొగాకుని అద్దం మీద అటూ ఇటూ రుద్దాడు. పాత లారీ డ్రైవర్లకి తెలిసిన కిటుకు. పొగాకు రుద్దితే నీళ్ళు బొట్లు కట్టకుండా పలచగా జారిపోతాయి, కాస్త కనిపిస్తుంది. రెండు మలుపులకోసారి దిగడం, రుద్దడం. మూడు చుట్టలు అయిపోయాయి. తాగడానికి ఒక్కటీ మిగల్లేదని సుంకిలో ఆయన తిట్టిన తిట్లు రేడియోలో చెప్పకూడదు.

మర్నాడు నేరుగా షెడ్డుకి. "ఏటి మేస్త్రీ, ఇంజను మార్చమన్నాను గానీ వైపరు పీకెయ్యమన్నానా?" అన్నాడు చిన్నాన్న.

మేస్త్రి ఏమీ మాట్లాడలేదు. బానెట్ ఎత్తి, వైపర్ మోటారు నుంచి కిందకి వేలాడుతున్న సన్నటి రబ్బరు ట్యూబు పట్టుకున్నాడు. దాని రెండో కొన ఎక్కడా తగిలించి లేదు. దాన్ని లుంగీ అంచుతో తుడిచి, నోట్లో పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేలా గట్టిగా పీల్చాడు.

అద్దం మీద వైపర్ లేచింది!

సగం దాకా వచ్చి ఆగింది. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చాడు. మళ్ళీ లేచింది. నేను నోరెళ్ళబెట్టాను. చిన్నాన్న కూడా. "సూసీసారా బాబూ? ఇన్నాళ్ళూ మీ వైపర్ని తిప్పింది కరెంటు కాదు. మీ పెట్రోలింజను ఊపిరి" అన్నాడు మేస్త్రి.

ఈ ముక్క ఆయన చెప్పినట్టే చెప్తాను, నాకు ఇంతకన్నా బాగా చెప్పడం చేతకాదు. "పెట్రోలింజను గొంతు నొక్కి నడిపీది బాబూ. కార్బరేటర్లో ఒక రేకు ఉంతాది. మీరు యాక్సిలేటర్ ఒదిలీస్తే అది మూసుకుపోతాది. ఇంజను గాలి కోసం గుంజుతాది, గాలి రాదు. ఆ గుంజుడే వాక్యూమ్. ఆ గుంజుడుతోనే వైపరు ఊగీది. డీజిలింజనుకి ఆ రేకు లేదు. నోరు బార్లా తెరిచి ఎంత కావాలంటే అంత గాలి మింగీస్తాది. గొంతు నొక్కనోడికి గుంజుడెక్కడిది?"

అప్పుడు నాకు ఇంకో సంగతి వెలిగింది. పెట్రోలు ఇంజను ఉన్న రోజుల్లో, వానలో ఘాటీ ఎక్కేటప్పుడు, చిన్నాన్న మధ్యమధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేవాడు. బండి వేగం తగ్గేది, వైపర్ గబగబా నాలుగు ఊపులు ఊగేది. మళ్ళీ తొక్కేవాడు, వైపర్ నీరసపడేది. ఎక్కేటప్పుడు కాలు నిండా తొక్కితే రేకు తెరుచుకుంటుంది, గుంజుడు తగ్గిపోతుంది మరి. బండిని గుర్రంలా ఆడిస్తున్నాడనుకునేవాణ్ణి. ఆయన అద్దం తుడుచుకుంటున్నాడన్నమాట.

వైపర్ అయితే పరవాలేదు. కరెంటు మోటారు పెట్టించాం, అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, కాస్త చెవి పెట్టండి. మా జీపుకి బ్రేకు బూస్టరు లేదు, కాలి బలమే. తరవాతి కాలపు బండ్లకి చాలావాటికి బూస్టరు ఉంటుంది, బ్రేకు తొక్కే కాలికి తోడు బలమిచ్చేది. ఆ బూస్టరు నడిచేది కూడా ఈ వాక్యూమ్‌తోనే. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది పెట్టారనుకోండి, వాక్యూమ్ పోయింది. వాక్యూమ్ పోతే బ్రేకు పెడలు రాయి అయిపోతుంది. ఆ సంగతి మైదానంలో తెలియకపోవచ్చు. అల్లం బస్తాలతో ఘాటీ దిగేటప్పుడు తెలుస్తుంది. అందుకే డీజిలు బండ్లకి విడిగా వాక్యూమ్ పంపు పెడతారు. చాలా ఇంజన్లకి ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది, మనవాళ్ళు డైనమో అంటారు చూడండి, దాని వెనకాల. పాత ఇంజను కొనేటప్పుడు ఆ పంపు కూడా ఇస్తున్నాడో లేదో చూసుకోండి. పంపు ఉందో లేదో చూసుకోండి.

ఉన్నది పనిచేస్తోందో లేదో మీరే ఇంటి ముందు చూసుకోవచ్చు. ఇంజను ఆపి ఉండగా బ్రేకు పెడలు నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడేదాకా. గట్టిపడ్డాక కాలు తియ్యకుండా అలాగే నొక్కి ఉంచి, ఇంజను స్టార్ట్ చెయ్యండి. పెడలు కాలి కింద కొంచెం దిగాలి. దిగిందా, బూస్టరుకి ఊపిరి అందుతోంది. దిగలేదా, బండి కదపకండి. మేస్త్రిని పిలవండి.

కాగితాల సంగతి కూడా ఒక్క మాట. ఇంజను మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసు అనుమతి కావాలి, సీ బుక్కులో ఇంజను నంబరూ ఇంధనమూ మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దీని గురించే. ఇంకోటి, 2021లో వింటేజ్ బండ్లకి కొత్త నియమాలొచ్చాయి. యాభై ఏళ్ళు దాటిన సొంత బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు, కానీ అసలు రూపంలో ఉండాలి, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా తొట్టి జీపుకి యాభై దాటాయి. దాని హరికేన్ ఇంజను మాత్రం ఎప్పుడో పాత ఇనుములో కిలోల లెక్కన వెళ్ళిపోయింది. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం నియంత్రణ తీసేశాక పెట్రోలుకీ దానికీ తేడా కూడా చిక్కిపోయింది. ఇవాళ ఎవరైనా నన్నడిగితే, పాత ఇంజను బాగుచేయించుకోవయ్యా, దించకు అంటాను. మా చిన్నాన్న ఒప్పుకోడనుకోండి. ఘాటీలో లీటరుకి పదకొండు వచ్చిన రోజున ఆయన మొహం చూసినవాణ్ణి, నేనూ గట్టిగా వాదించలేను.

బండి ఇంకా ఉంది. సంతలకి వెళ్ళట్లేదు, పొలానికీ ఇంటికీ తిరుగుతోంది. మొన్న వానల్లో సాలూరు వెళ్ళినప్పుడు ఆయన పక్కన కూర్చున్నాను. కరెంటు వైపర్ తన మానాన తను ఊగుతోంది. పాచిపెంట రోడ్డులో చిన్న ఎత్తు వచ్చింది. వాన జోరు పెరిగింది. చిన్నాన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు, ఒక్క క్షణం ఆగాడు, మళ్ళీ తొక్కాడు.

నమస్కారం.