సూది నిటారుగా నిలబడిందా?

అందరికీ నమస్కారం.

పోయిన వర్షాకాలంలో మా ఇంట్లో టర్న్‌టేబుల్‌కి కొత్త కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే చిన్న డబ్బా, బిగించాను. వెంటనే నాకు బాగా అలవాటైన ఒక స్టీరియో కచేరీ రికార్డు పెట్టాను. ఎడమ పక్క వినిపించాల్సిన వయొలిన్ మధ్యకి జరిగిపోయింది. స్పీకర్లు జరిపాను, వైర్లు మార్చాను, రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి టర్న్‌టేబుల్ ఎదురుగా కూర్చుని టార్చి వేసి చూస్తే, కార్ట్రిడ్జ్ కాస్త పక్కకి ఒరిగి ఉంది. ముందు నుంచి చూస్తే కనిపించే ఈ వాలునే అజిముత్ అంటారు.

అంత చిన్న వాలుకి అంత తేడా ఎందుకు? స్టీరియో గాడిని నాగలి చాలులా ఊహించుకోండి. రెండు గోడలూ చెరో 45 డిగ్రీల వాలుతో ఉంటాయి. రికార్డు మధ్య వైపు గోడలో ఎడమ ఛానెల్, అంచు వైపు గోడలో కుడి ఛానెల్. 1931లోనే బ్రిటిష్ ఇంజనీర్ అలన్ బ్లూమ్‌లైన్ పేటెంట్ దరఖాస్తులో ఈ ఆలోచన ఉంది. మార్కెట్‌లోకి స్టీరియో ఎల్‌పీలు వచ్చింది 1958లో. ఒక్క సూది రెండు గోడల్నీ ఒకేసారి చదవాలి. అది ఒరిగితే ఒక గోడ మాట రెండో ఛానెల్లోకి కారుతుంది. అదే క్రాస్‌టాక్.

మనలో చాలామంది దగ్గర ఉన్నవి పాత మోనో సినిమా పాటలు. వాటిలో రెండు గోడల్లోనూ ఒకటే పాట కాబట్టి ఈ లోపం చెవికి దొరకదు. మోనో రికార్డు బాగా పలికిందని సెట్టింగ్ కుదిరిందనుకోకండి.

సరిచేయడానికి ముందు పల్చటి అద్దం ముక్క చాలు. ప్లాటర్, అంటే రికార్డు తిరిగే పళ్లెం, ఆపి, వాల్యూమ్ తగ్గించి, అద్దం మీద సూదిని మెల్లగా దించండి. కంటిని అద్దం ఎత్తుకి దించి చూడండి. సూదీ అద్దంలో దాని ప్రతిబింబమూ కలిసి ఒకే పుల్లలా కనిపించాలి. మధ్యలో మోచేయిలా వంగితే వాలినట్టే. కొన్ని ఆర్మ్‌లలో హెడ్‌షెల్‌ని, అంటే కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ చివరి భాగాన్ని, కొద్దిగా తిప్పే వీలుంటుంది. లేకపోతే కార్ట్రిడ్జ్‌కీ హెడ్‌షెల్‌కీ మధ్య ఒక పక్కన సన్నటి కాగితం ముక్క పెడతాం. స్క్రూ ముట్టుకునే ముందు సూదికి గార్డు తొడగడం మాత్రం మరవకండి.

అద్దం చూపించేది పైకి కనిపించేదే. లోపల సూది కదలికని కరెంటుగా మార్చే కాయిల్ కొంచెం వంకరగా కూర్చుని ఉంటే అద్దానికి తెలీదు. అందుకే టెస్ట్ రికార్డు, అంటే కొలతల కోసమే చేసిన శబ్దాలున్న రికార్డు. ఎడమ ఛానెల్లో మాత్రమే 1 కిలోహెర్ట్జ్ శబ్దం పెట్టి, ఫోనో ప్రీఆంప్ (కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే పెట్టె) తర్వాత మల్టీమీటర్‌తో కొలవండి. ఎడమలో 300 మిల్లీవోల్టులు, కుడిలో 10 వచ్చాయనుకుందాం. దాదాపు 30 డెసిబెల్స్ తేడా, చాలా బాగుంది. ఇప్పుడు కుడి శబ్దం పెడితే కుడిలో 300, ఎడమలో 30 వచ్చాయి. అంటే 20 డెసిబెల్సే. వెంట్రుకవాసి తిప్పి మళ్లీ కొలవాలి. రెండు వైపులా కారేది తక్కువగా, దాదాపు సమానంగా వచ్చేదాకా ఓపిక పట్టాలి. చౌక మీటర్లు కొన్ని 50 హెర్ట్జ్ కరెంటుకే సరిగ్గా చూపిస్తాయి, కొనేటప్పుడు అడగండి.

మన విశాఖ వాళ్లకి ఇంకో మాట. ఈ ఉప్పుగాలికి హెడ్‌షెల్ పిన్నులు చిలుము పడతాయి. ఒక ఛానెల్ నీరసిస్తే అది అజిముత్ అనుకుని స్క్రూలు తిప్పేస్తాం. ముందు పిన్నులు శుభ్రం చేయండి, కొలత ఆ తర్వాత.

ఈ బల్ల మీద ఉన్న కార్ట్రిడ్జ్‌ని కావాలనే కొంచెం వంచి పెట్టాను. అద్దం పక్కనే ఉంది. ముందు వరుస వాళ్లు వచ్చి, ఎటు వాలిందో చూసి చెప్పండి.